అంచు చేరని మసి

గాజు పళ్లాలు రెండు. ఒక్కోదాని అడుగున గులాబీ రంగు పొర, పాల మీద మీగడంత పలచగా ఉంది. డాక్టర్ హైమవతి రెండింటి మీదా చిటికెడు మసి చల్లి, గోడకున్న తెర వైపు చూడమంది. తెర మీద మసి రేణువులు గులకరాళ్లంతగా కనిపించాయి.

మొదటి పళ్లెంలో మసి కదలడం మొదలుపెట్టింది. కంటికి కనబడని చీపురుతో ఎవరో వాకిలి ఊడుస్తున్నట్టు రేణువులన్నీ ఒకే వైపుకి జరిగి, అంచున నల్లటి గీతలా చేరాయి. పొర మళ్లీ శుభ్రంగా మెరిసింది.

రెండో పళ్లెంలో మసి వేసిన చోటే ఉండిపోయింది.

"మొదటిది ఎవుల్దమ్మా?" అని దాలమ్మ అడిగింది. జవాబు తెలిసే అడిగింది.

"నీలవేణి గారిది."

"అయితే కదలందే నాది."

గుమ్మం దగ్గర నిలబడ్డ నీలవేణి పైట కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాలుగు రోజుల కిందట ఇద్దరి ముక్కుల్లోనూ సన్నని కుంచె పెట్టి గీకి తీసుకున్నారు. నీలవేణికి ఇంకా మంటగానే ఉంది. దాలమ్మకు ఏ నొప్పీ తెలియడం లేదు. అది కూడా ఆమెకు కష్టంగానే తోచింది.

నీలవేణి దాలమ్మ భర్త సూరిబాబుకు మేనమామ కూతురు. పుట్టినప్పుడే అతనికి అనుకున్న పిల్ల. జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టి పప్పు తీసే దాలమ్మను చూశాక సూరిబాబు ఆ మాట పక్కన పెట్టేశాడు. నీలవేణి ఎవరినీ చేసుకోలేదు. కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుని బతుకుతోంది. ఇన్నేళ్లలో ఆమె వీళ్ల గడప తొక్కలేదు. సూరిబాబు కాలిపోయాడని తెలిసిన రోజున మాత్రం బండి మూసేసి బస్సెక్కి విశాఖపట్నం ఆసుపత్రికి వచ్చేసింది.

జీడి కార్ఖానాలో బాయిలర్ వెనక తొక్కలు పోసే షెడ్డు అంటుకుంది. జీడి తొక్కలో నూనె ఉంటుంది. కొట్టేవాళ్ల చేతులనే తినేసే నూనె అది. అది కాలితే వచ్చే పొగ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. షెడ్డులో ఇద్దరు చిక్కుకున్నారు, సూరిబాబు, కూర్మారావు. ఇద్దరికీ పైకి చేతుల మీద నాలుగు బొబ్బలే. లోపల మాత్రం గొంతు దగ్గర నుంచి ఊపిరితిత్తుల దాకా ఉడికిపోయింది.

ఇద్దరినీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టి గొంతులో గొట్టాలు వేశారు. వారం తిరక్కుండానే కూర్మారావు గొట్టం తీసేశారు. అతని భార్య ఫ్లాస్కులో గంజి తెచ్చి తాగిస్తూ, పక్క మంచం వాళ్లకు వినబడేలా, "మెల్లగా, మెల్లగా, ఎవులూ లాక్కుపోరులే" అంటూ నవ్వేది. ఆ నవ్వు విన్నప్పుడల్లా దాలమ్మకు ఆ ఫ్లాస్కు చెయ్యి జారి పగిలిపోతే బాగుండుననిపించేది. అలా అనిపించినందుకు వెంటనే లెంపలు వేసుకునేది. దాలమ్మ ఆదివారం సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టకుండా మంచినీళ్లు ముట్టని మనిషి. దేవుడికి వేరేవాళ్ల ఫ్లాస్కు సంగతి చెప్పుకోవడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

"ఒకటే మంట, ఒకటే పొగ. ఆయన లేచి కూకున్నాడు. నా మనిషేల లెగడు?" అని డాక్టర్ని నిలదీసింది.

హైమవతి ఓపికగానే చెప్పింది. గాలిగొట్టం లోపల సన్నని నూగు ఉంటుంది. అది రాత్రీ పగలూ లోపలి మురికిని పైకి ఊడుస్తూనే ఉంటుంది. కూర్మారావుకు ఏ అలవాటూ లేదు. కాలిన చోట కూడా అతని నూగు మిగిలి పని మొదలుపెట్టింది. సూరిబాబు మీసాలు రాకముందు నుంచీ బీడీలు కాల్చాడు. పనయ్యాక సారా. మంట రాకముందే అతని లోపల ఊడ్చేవాళ్లు సగం మంది చచ్చిపోయారు. మిగిలిన సగం మంటలో పోయారు. సారాకు అలవాటుపడ్డ ఒంటి మీద మత్తు మందు ఒక పట్టాన పని చెయ్యడం లేదు, గాయాలు మానడం లేదు. మసి లోపలే ఉండి చీము పడుతోంది.

"మరేటి దారి?"

"ఒకటుంది. ఇంకా కొత్తది."

హైమవతి కనిపెట్టినదాన్ని ఆసుపత్రిలో అందరూ ఊపిరి పొర అనేవారు. మంచి ముక్కు ఉన్న మనిషి దగ్గర కణాలు తీసి, గాజు పళ్లెంలో పెంచి, పొగమంచులా చేసి కాలిన గాలిగొట్టంలోకి ఊదుతారు. అవి అక్కడ అతుక్కుని, వేరేవాళ్ల ఇల్లయినా తమ ఇల్లే అనుకుని ఊడవడం మొదలుపెడతాయి. ఎవరివైనా అతుకుతాయి. శుభ్రంగా ఉండడమే ముఖ్యం.

సూరిబాబుకు పిల్లలు లేరు. "నావి తియ్యండి," అంది దాలమ్మ.

"మీకు సిగరెట్టు, బీడీ అలవాటు ఉందా?"

"నేదు."

"ఎప్పుడూ పొగ తాగలేదా?"

"ఆడదాన్ని, నాకేల పొగ?"

అది అబద్ధమని ఆమె అనుకోలేదు. మగాళ్లు నిప్పు బయటకు పెట్టి తాగేది పొగ. దాలమ్మది అడ్డచుట్ట. నిప్పు కొన నోటిలోకి పెట్టి పెదాలు మూసుకునేది. పిక్కలు కొట్టే ఆడవాళ్లలో సగం మంది అలాగే చేస్తారు. బూడిద పప్పు మీద రాలదు, చేతులకు పని ఆగదు. వాళ్ల అమ్మ, అమ్మమ్మ, అందరూ అంతే. అది ఆకూవక్కలాంటిది, పళ్ల నొప్పికి మందులాంటిది. ఆసుపత్రికి వచ్చాక కూడా ప్రహరీ వెనక్కి వెళ్లి ఒకటి కాల్చుకుని వస్తూనే ఉంది.

ఇప్పుడు తెర మీద కదలని మసిని చూస్తూ హైమవతి మళ్లీ అడిగింది. "దాలమ్మ గారూ, నిజంగా ఏ అలవాటూ లేదా?"

గుమ్మం దగ్గర నుంచి నీలవేణి అంది, "పొగ అని అడిగితే నేదనే అంటాది డాక్టరమ్మా. అడ్డచుట్ట అని అడగండి."

దాలమ్మ తల తిప్పి చూసింది. నీలవేణి చూపు తిప్పుకోలేదు.

"మాయమ్మ కూడా అలగే అనీది. అంగిట్లో పుండు లేసి, నీల్లు మింగలేక పోయినాది. అందుకే నాను ముట్టలేదప్పా. నిన్ను దెప్పాలని కాదు." అక్కను పిలిచినట్టే అప్పా అంది.

"దెప్పీసినావు కదా, ఇంకేటి" అంది దాలమ్మ.

హైమవతి లైటు వేసి దాలమ్మ నోరు తెరిపించి చూసింది. అంగిలంతా తెల్లగా బిరుసెక్కి, మధ్యలో ఎర్రటి చుక్కలు. "నిప్పును నోట్లో దాచుకున్నారు. వేడీ పొగా నేరుగా లోపలికే," అంది నెమ్మదిగా. ఆ మాటలో కోపం లేదు. కోప్పడి ఉంటే దాలమ్మకు కొంచెం తేలికగా ఉండేది.

సూరిబాబులోకి నీలవేణి పొరను ఊదారు.

అది పని చేసింది. గొట్టంలో రోజూ నల్లటి కఫం పైకి రావడం మొదలైంది. సిస్టర్లు దాన్ని తీసి చూపించుకుంటూ సంతోషపడ్డారు. జ్వరం దిగింది. ఒక ఉదయం గొట్టం తీసేసి, ఇంటివాళ్లను పిలిచారు. దాలమ్మ పరుగులాంటి నడకతో వెళ్లి అతని మొహం మీదికి వంగి, "మావా" అంది.

సూరిబాబు కళ్లు తెరిచాడు. ఆమెను చూసి నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే అతని ఛాతీ బిగుసుకుంది. దగ్గు వచ్చింది. ఆగలేదు. కళ్లు ఎర్రబడి, మంచం మీద ఒళ్లంతా ఎగిరిపడింది. పక్కనున్న యంత్రం కూత పెట్టింది. సిస్టరు దాలమ్మను భుజం పట్టుకుని గుమ్మం దాకా తోసుకుపోయింది.

ఆమె బయటకు వెళ్లగానే దగ్గు సర్దుకుంది. తరువాత నీలవేణి వెళ్లి మంచం పక్కన కూర్చుంది. అతను హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అద్దం తలుపు ఇవతల నుంచి దాలమ్మ చూస్తూనే ఉంది.

ఆ సాయంత్రం హైమవతి నీలవేణి పొర కొంత మిగిలిన పళ్లాన్ని మళ్లీ తెర కింద పెట్టి, దాలమ్మను దాని మీద ఒకసారి ఊదమంది. ఊదింది. అంతవరకు గాలికి ఊగే వరిచేనులా నిదానంగా ఉన్న నూగు పిచ్చిపట్టినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇవి పళ్లెంలో పెరిగినవి. ఇంతవరకు ఏ పొగా చూడలేదు," అంది హైమవతి. "పొగాకు వాసన ఎక్కడున్నా కనిపెట్టి, బయటికి గెంటేద్దామని చూస్తాయి. మీరు చుట్ట కాల్చి చాలాసేపయినా మీ ఊపిరిలో, చీరలో, జుట్టులో అది ఉంటుంది. ఇలా జరుగుతుందని నేను ముందు అనుకోలేదమ్మా. నా లెక్కలో ఇంట్లో మనుషులు లేరు."

దాలమ్మకు ఆ శాస్త్రం అంతా ఒకటే మాటగా అర్థమైంది. నీలవేణి అతని లోపల కూర్చుని, తనను బయటికి గెంటుతోంది.

ఇంటికి వచ్చాక కూడా అదే వరస. సూరిబాబు లోపలి గదిలో, దాలమ్మ అరుగు మీద. అన్నం గుమ్మంలో పెట్టి పక్కకు తప్పుకునేది. పొర ఏడాది పొడుగునా ఉండదని, దసరా వెళ్లాక మళ్లీ వెయ్యాలని డాక్టర్ చెప్పింది. అతని సొంత నూగు ఇక మొలవదు. ఆవిరి పట్టే యంత్రం వాడడం నీలవేణి ఆసుపత్రిలో నేర్చుకుంది కాబట్టి రోజూ ఇడ్లీ బండి సర్దేశాక వచ్చేది. తలుపు లోపల వాళ్లిద్దరి మాటలు, యంత్రం బుసబుసలు, ఒక్కోసారి నవ్వులు.

"ఏటి నవ్వుతున్నారు?" అని దాలమ్మ అరుగు మీద నుంచి అడిగేది.

"నీ గురించే అప్పా" అనేది నీలవేణి.

"నా గురించి నవ్వడానికి నా ఇల్లే దొరికినాదా."

నీలవేణి వెళ్లిపోయాక సూరిబాబు గుమ్మం దాకా వచ్చి, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఇద్దరి మధ్య వాకిలంత దూరం.

"ఏలే, మొకం అలగెట్టినావు?"

"నీ గుండెలో ఆ పిల్ల కూకుంది. నాను ఎలగెట్టాల?"

"గుండెలో కాదే. ఊపిరితిత్తుల్లో. ఆ పక్క గది."

ఆమె నవ్వలేదు. అతను గోడ పట్టుకుని లేస్తూ, "చుట్ట కాల్చుకో. నాను లోపలికి పోతాను," అన్నాడు.

పెళ్లయిన దగ్గర నుంచీ పని దిగాక వాళ్లకు ఒక వాడుక ఉండేది. సూరిబాబు చుట్ట వెలిగించి, మొదటి దమ్ము తను లాగి, నిప్పు సరిగా అంటుకుందని చూసుకుని ఆమెకు ఇచ్చేవాడు. ఆమె దాన్ని తిప్పి నోట్లో పెట్టుకునేది. అతను బీడీ ముట్టించుకునేవాడు. అరుగు మీద భుజానికి భుజం ఆనించి, మాట్లాడకుండా కూర్చునేవారు. పిల్లలు లేని ఇంట్లో అదే వాళ్ల సందడి. తనను అతని నుంచి విడదీసింది ఆ చుట్టే అంటే దాలమ్మకు నమ్మబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ దగ్గర చేసింది కూడా అదే కదా.

ఒక ఆదివారం అరసవల్లి వెళ్లింది. క్యూలో నిలబడి స్వామి ఎదుటికి వచ్చేసరికి ఏం అడగాలో తెలియలేదు. నా మొగుణ్ణి బతికించు అందామంటే బతికించాడు. మళ్లీ ఎందుకొచ్చావని అడిగితే, బతికించిన పద్ధతి నచ్చలేదని చెప్పాలి. ఇంత వెలుగున్న దేవుడు, కూర్మారావు మీదా సూరిబాబు మీదా ఒకేలా ఎండ కాసే దేవుడు, ఒకడి ఊపిరికి ఇంకొకరి ఇంటి మనిషిని ఎందుకు కాపలా పెట్టాడు? ఆ మనిషి మంచిదే. అదే మింగుడు పడనిది. చెడ్డదైతే తిట్టుకునేది.

"స్వామీ, చుట్ట మానేస్తాను," అనుకుంది చివరికి. "బక్తితో కాదు. ఆ పిల్లను బయటికి పంపడానికి. అలగ మానినా నీకు చాలునా?"

పూజారి తీర్థం పోసి, పక్కకు జరగమన్నాడు.

మానడం అంటే చుట్ట పారెయ్యడం కాదని తరువాత తెలిసింది. చేతులు ఊరికే ఉండేవి కావు. నోరు ఎండిపోయేది, కడుపు బిగిసేది. ఏడవడానికి కారణం అక్కర్లేకుండా ఏడుపు వచ్చేది. కార్ఖానాలో పక్కనున్న ఆడవాళ్ల పెదాల సందు నుంచి వచ్చే వాసనకు పని వదిలి వెళ్లి కుళాయి కింద తల పెట్టేది. వాళ్లు, "మొగుడికి దగ్గొచ్చిందని నువ్వు మానెయ్యడమేటే" అని ఎగతాళి చేసేవారు. రెండుసార్లు ఒట్టు తప్పి కాల్చింది. రెండుసార్లూ నీలవేణి అంతలోనే ఇంటికి వచ్చి, ఏమీ అనకుండా కిటికీలు తెరిచింది. ఆ అనకపోవడమే దాలమ్మను మూడోసారి తప్పనివ్వలేదు. డాక్టర్ సలహా, అంగిలి మీద తెల్లటి మచ్చ, దేవుడి ముందు ఒట్టు, ఇవేవీ చెయ్యలేని పనిని ఆ తెరిచిన కిటికీ చేసింది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున దాలమ్మ అన్నం పళ్లెం గుమ్మంలో పెట్టలేదు. లోపలికి తీసుకెళ్లింది. సూరిబాబు భయంతో వెనక్కి జరిగాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. ఇద్దరూ ఎదురుచూశారు. అతను ఒకసారి గొంతు సవరించుకున్నాడు, అంతే. దగ్గు రాలేదు.

"సూసినావా," అన్నాడు అతను.

"ఆ పిల్ల ఒప్పుకుంది గావాల," అంది దాలమ్మ. అనేసి, తన మాటకు తనే ఉడుక్కుంది. సొంత మొగుడి పక్కన కూర్చోవడానికి ఇంకొకరి సెలవు కావలసివచ్చింది.

దసరా వెళ్లాక ముగ్గురూ విశాఖపట్నం వెళ్లారు. సూరిబాబు ఊపిరి మళ్లీ గరగరమంటోంది. పాత పొర అరిగిపోతోంది. కఫంలో చీము కనబడిందని, ఆలస్యం చెయ్యకూడదని హైమవతి అంది.

ఈసారి కూడా రెండు పళ్లాలు. పొర పెరిగేదాకా ఊళ్లోనే ఒక సత్రంలో ఉన్నారు. చిటికెడు మసి. దాలమ్మ తెర ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

నీలవేణి పళ్లెంలో మసి నడిచి అంచు చేరింది. దాలమ్మ పళ్లెంలో కూడా మసి కదిలింది. ఆమె ఊపిరి బిగబట్టింది. రేణువులు తడబడుతూ, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కొంత దూరం వచ్చాయి. మధ్య దాకా వచ్చి ఆగాయి. ఇంకా కొట్టుకుంటూనే ఉన్న నూగు మీద అటూ ఇటూ ఊగాయి తప్ప ముందుకు రాలేదు.

"ఇంత కొద్ది నెలల్లో ఇది చాలా ఎక్కువమ్మా," అంది హైమవతి. ఆమె గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది. "సగం పైన బతికాయి. ఇంకో ఏడాది ఆగితే..."

"ఇప్పుడు ఇవి ఏస్తే?"

"అతుకుతాయి. పని కూడా కొంత చేస్తాయి. చీము ఉంది కాబట్టి చాలకపోవచ్చు. మళ్లీ వెంటిలేటర్ మీదికి వెళ్లే ప్రమాదం ఉంది. నీలవేణి గారివి వేస్తే ఆ ప్రమాదం బాగా తక్కువ. ఆయన మిమ్మల్ని అడిగి చెయ్యమన్నారు. మీ మాట కావాలి."

"ఆయనకేటి కావాలో సెప్పలేదా?"

"దాలమ్మ చాలా కష్టపడింది, దానిష్టం అన్నారు."

దాలమ్మ వరండాలోకి వచ్చేసింది. అతని ప్రాణాన్ని తన చేతిలో పెట్టేశాడు, వెర్రిబాగులాడు. సగం ఊడ్చే తన పొరను లోపలికి పంపితే అతని ప్రతి ఊపిరీ తన మీద నుంచే పోతుంది. గరగరలాడుతూ పోయినా తనదే. నెలల తరబడి ఆమె కోరుకుంది అదే.

బల్ల మీద నీలవేణి కూర్చుని ఉంది. ఈసారి కూడా ముక్కు తుడుచుకుంటోంది.

"సగం దాకా వొచ్చినాదట కదా," అంది.

"నీకు సంతోసమే కదా, సగంలో ఆగిపోతే."

"సంతోసమే," అంది నీలవేణి. దాలమ్మ నివ్వెరపోయి చూసింది. "ఏటలా సూస్తావు? నీది అంచు దాకా పోతే నాను మీ ఇంటికి రానక్కర్లేదు. ఎవులు రానిస్తారు? పొద్దున్నే బండి, తరవాత ఒట్టి గోడలు. ఈ నెలలన్నీ ఒకలి ఇంటికి ఎల్లాలన్న తొందర ఉండీది."

"ఇంటికి వొచ్చి నా మొగుడితో నవ్వీదానివి."

"ఏటని నవ్వీదాన్నో తెలుసా? ఆవిరి పడుతున్నంతసేపూ నీ మాటే. దాలి పిక్కలు కొడితే పప్పు ఇరగదు, దాలి అలిగితే కూర ఉప్పగుంటాది. నా ముక్కులోంచి తీసినది ఆయన లోపలెట్టినారు. దాని మీంచి వొచ్చిన గాలితో నీ పేరే పలుకుతాడు. నాకు కడుపు మండదా? నువ్వొక్కదానివే అనుకున్నావా?"

ఆ మాటలు చెప్పి నీలవేణి మళ్లీ ముక్కు తుడుచుకుంది. ఈసారి ముక్కు కోసం కాదేమో.

దాలమ్మ లోపల ఉన్నది కరగలేదు. అయితే దానికి ఎదురుగా ఇంకొకటి, సరిగ్గా అలాంటిదే, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ బల్ల మీద కూర్చుని ఉంది. ఈ రెండింటినీ మించి, లోపల గదిలో గరగరమనే ఒక ఊపిరి ఉంది.

తిరిగి లోపలికి వెళ్లింది.

"ఆ పిల్లదే ఎయ్యండి," అంది.

హైమవతి తలూపింది.

"నాది పారెయ్యకండి, పక్కనెట్టి సూడ్డానికుంటాది. వొచ్చే ఏటికి మల్లీ తీయించుకుంటాను. అంచు దాకా ఎంత దూరముందో అప్పుడు సూద్దాం."

పొర ఊదిన మర్నాడు మధ్యాహ్నం సిస్టరు వచ్చి, మెలకువ వచ్చింది, ఒక్కొక్కరే రండి అని చెప్పింది. ఇద్దరూ లేచి గుమ్మం దాకా వెళ్లారు. ఎవరు ముందు అనేది ఇద్దరూ అనలేదు.

లోపల నుంచి సూరిబాబు గొంతు వచ్చింది. బలహీనంగా ఉన్నా గరగర లేదు. కడిగిన గొంతు.

"దాలీ."

దాలమ్మ వెంటనే పలకలేదు. గుమ్మంలోనే ఆగింది. పక్కన నీలవేణి కిటికీ వైపు తిరిగి, బయట ఏముందో చూస్తున్నట్టు నిలబడింది. అతను ఇంకోసారి పిలుస్తాడని దాలమ్మకు తెలుసు. పిలవాలని, పక్కనున్న మనిషి అది స్పష్టంగా వినాలని ఆగింది. ఆ కొంచెంసేపట్లో అరసవల్లిలో తను అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. దేవుడికి ఇది కూడా చాలునా అని.

"దాలీ. ఉన్నావా?"

"ఉన్నాం, మావా," అంది దాలమ్మ. సిస్టరు వద్దంటున్నా వినిపించుకోకుండా నీలవేణి మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.